మా ఇంటామె రాయించిన ఆకు

పోయిన ఏడాది నవంబరు నెల నాలుగో గురువారం, సాయంత్రం నాలుగున్నర గంటలకు, అల్ హైల్ సముద్రం ఒడ్డున నా ఎడమ కాలినీ మా ఇంటామె కుడి కాలినీ కలిపి నా మనవరాలు తువ్వాలతో కట్టేసింది. ఒడ్డున ఇంకా చాలా కుటుంబాలు ఉన్నాయి. చాప పరుచుకుని ఖావా తాగుతున్న ఒమానీ ఆడవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వారు. నవ్వరా మరి. అరవై దాటిన మొగుడూ పెళ్ళాలు చిన్నపిల్లల్లాగా కాళ్ళు కట్టించుకుని నిలబడితే ఎవరైనా నవ్వుతారు.

ఇదంతా మా కోడలి పని. ఆమె ఖురంలో ఒక చిన్నపిల్లల బడిలో ఆయాగా చేస్తుంది. అక్కడ అమెరికా టీచరమ్మలు ఉన్నారు. వాళ్ళకు ఈ గురువారం థాంక్స్ గివింగ్ అని పండుగట. ఆ రోజు ఇంటిల్లిపాదీ ఒకచోట చేరి, ఆటలాడి, వండుకుని తిని, ఎవరికి థాంక్స్ చెప్పాలనుకుంటే వాళ్ళకు పేరుపెట్టి చెప్తారట. ఒక వారం ముందు నుంచే కోడలు పట్టుకుంది.

"మామా, ఈసారి మనింట్ల గూడ చేద్దాం. అత్తమ్మ ఉన్నప్పుడే చేయాలె."

"మనకెందుకే అమెరికా పండుగ?"

"ఆడనీకి, తిననీకి అమెరికా ఏంది, ఒమాన్ ఏంది మామా?"

ముప్పై ఏళ్ళు నేను అన్ని పండుగలూ ఫోన్లోనే చేసుకున్నాను. ఇంటివాళ్ళతో కూర్చుని చేసుకునే పండుగ ఏ దేశానిదైతే ఏమిటి అనిపించింది.

అత్తమ్మ ఉన్నప్పుడే అని కోడలు ఊరికే అనలేదు. మా ఇంటామె నెల రోజుల విజిట్ వీసా మీద కొడుకు ఇంటికి వచ్చింది. సముద్రం దాటడం ఆమెకు అదే మొదటిసారి. ఆ వీసా శనివారంతో అయిపోతుంది. పొడిగించాలంటే నా కొడుకు కంపెనీలో కాగితాల పనులు చూసే మందూబ్‌కు గురువారం రాత్రిలోపు మాట చెప్పాలి. శుక్ర, శనివారాలు ఆఫీసులు ఉండవు. ముందు ఒక నెల పొడిగిస్తే తర్వాత సంగతి తర్వాత చూడవచ్చని కొడుకు అన్నాడు. తల్లిని అడిగాడు కూడా. అడిగినప్పుడల్లా ఆమె "చూద్దాం తీయ్ బిడ్డా" అన్నది.

నేను అడగలేదు. మా వైపు మగవాడు అడగడు, చెప్తాడు. చెప్పడానికి నాకు నోరు రాలేదు. ముప్పై ఏళ్ళు ఆమె నన్ను రమ్మని అడిగిందీ లేదు, నేను ఆమెను ఇటు రమ్మని అడిగిందీ లేదు. ఇప్పుడు ఏ ముఖంతో మొదలుపెట్టాలి? ఆటలూ పాటలూ అయితే ఆమెకు ఇక్కడ మనసు నిలుస్తుంది, నేను నోరు విప్పే పని ఉండదు అనుకున్నాను. ఉన్న మాట రాస్తున్నాను, ఆ పండుగకు నేను ఒప్పుకున్నది అందుకే.

నేను ఇక్కడికి వచ్చింది గోడలు పూసే మేస్త్రీగా. రుస్తాఖ్‌లో చాలా ఏళ్ళు చేశాను. తర్వాత అల్ హైల్ వచ్చాను. చేతులు పట్టు తప్పాక ఇప్పుడు విల్లాల దగ్గర వాచ్‌మన్ డ్యూటీ, ఉండేది కొడుకు ఇంట్లో కాదు, వేరే రూమ్‌లో. రెండేళ్ళకోసారి సెలవు మీద ఇంటికి పోయేవాణ్ణి. పోగానే వాకిట్లో మంచం వాల్చి, పెట్టెలో దాచిన కొత్త దుప్పటి తీసి పరిచేవాళ్ళు. అల్లుళ్ళు వస్తే తీసే పెద్ద కంచంలో నాకు అన్నం పెట్టేవాళ్ళు. నేను తింటున్నంతసేపూ మా ఇంటామె చెంబుతో నీళ్ళు పట్టుకుని పక్కన నిలబడేది. నా కష్టానికి ఇది మర్యాద అని నేను మురిసిపోయేవాణ్ణి. మిగిలిన రోజుల్లో వాళ్ళు ఏ కంచాల్లో తింటారో ఎప్పుడూ అడగలేదు.

ఆమెది బీడీల పని. పెళ్ళయినప్పటి నుంచీ చేస్తోంది. ఒళ్ళో చేట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టడం. వాడకట్టు ఆడవాళ్ళందరూ మా అరుగు మీదే కూర్చుని చుడతారు. ఆమె లోకం ఆ అరుగు. ఇక్కడికి వచ్చిన మూడోనాడే కొడుకును అడిగింది:

"మీ పక్కింటోళ్ళు ఎవలురా?"

"తెల్వదే అవ్వా. డ్యూటీకి పోతరు, వస్తరు."

"నాలుగేండ్ల సంది ఉంటున్నవ్. తెల్వదంటవేందిరా?"

వాడు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఒక శుక్రవారం ఆమెను రుస్తాఖ్ తీసుకుపోయాను. నేను పూసిన గోడలు చూపించాలని కోరిక. ఒక దుకాణాల వరుస ఉంది, ఆ ముందు గోడంతా నా చేతిదే. ఆమె దగ్గరికి పోయి అరచేత్తో రాసి చూసింది.

"సాపుగనే ఉన్నది" అన్నది. చెయ్యి దులుపుకుని, "మన ఇంటి గోడ మాత్రం ఒక్కటి గూడ నువ్వు పూయలే గదయ్యా" అన్నది.

కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టే అన్నది. మా ఇల్లు నేను పంపిన పైసలతో కట్టారు, గోడలు పూసింది పక్కూరి మేస్త్రీ. నేను సెలవు మీద పోయేసరికి సున్నం కూడా వేసేశారు.

ఇక ఆ సాయంత్రం ఆట సంగతి. మూడు జంటలం. కొడుకూ కోడలూ ఒక జంట. నా రూమ్‌లో ఉండే కడప భాయి, మనవరాలు ఒక జంట. మేమిద్దరం ఒక జంట. భాయి లుంగీ మానేసి ప్యాంటు వేసుకుని వచ్చాడు. పన్నెండేళ్ళుగా మేం ఒకే రూమ్‌లో ఉంటున్నాం. ఒక విల్లాలో డ్రైవర్ పని అతనిది. నాకు అక్షరాలు నేర్పింది అతనే. యాభై దాటాక నేర్చుకున్నాను. రాత్రి రూమ్‌లో అతను నేర్పిన అక్షరాన్ని మరునాడు సైట్‌లో పచ్చి గోడ మీద తాపీ మొనతో రాసి చూసుకునేవాణ్ణి. సూపర్‌వైజర్ వచ్చేలోపు తాపీతో చదును చేసేసేవాణ్ణి. అల్ హైల్‌లో ఎన్ని గోడల్లో నా రాతలు ఉన్నాయో నాకే తెలియదు.

"అన్నా, పడినావంటే తుంటి ఇరుగుతాది. వదినమ్మను గట్టిగా పట్టుకో" అన్నాడు భాయి.

"నీ సంగతి చూసుకో ముందు. నీ పొట్ట నీకంటే ముందు ఉరుకుతది" అన్నాను.

మనవరాలు ఒకటి రెండు మూడు అన్నది. నేను అడుగు వేశాను, ఆగిపోయాను. మా ఇంటామె అలవాటు కొద్దీ నా వెనక్కి ఒక అడుగు తగ్గింది. పెళ్ళినాటి నుంచీ మేం నడిచింది అట్లాగే, ముందు నేను, వెనక ఆమె. తువ్వాల దాన్ని ఒప్పుకోలేదు. ఇద్దరం తూలాం. ఆమె నా భుజం పట్టుకుని ఆపింది.

"నువ్వట్ల ముందటికి ఉరుకకు. నా అడుగు సూసుకొని ఎయ్యి" అన్నది.

తర్వాత ఆమె కట్టు లెక్కబెట్టే గొంతుతో, బీడీలు లెక్కబెట్టే ఆ సన్నటి గొంతుతో, అడుగులు లెక్కబెట్టింది. నేను ఆ లెక్కకు కాలు వేశాను. తడి ఇసుక మీద మా నాలుగు కాళ్ళు మూడై నడిచాయి. పక్కన కొడుకూ కోడలూ నీ కాలంటే నీ కాలని గొడవపడి ఇసుకలో పడ్డారు. భాయి తువ్వాల ఊడిపోయింది. అతను దాన్ని చేత్తో పట్టుకుని మామూలుగానే పరుగెత్తుతుంటే మనవరాలు "చీటింగ్, మనం అవుట్" అని తన జంటనే తను ఆపేసింది. మేం చివరిదాకా పోయాం. గెలిచాం.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. పెళ్ళయిన కొత్తలో అట్లా నవ్వడం చూశాను, మళ్ళీ అప్పుడే. ఆట అయిపోయినా తువ్వాల విప్పమని వెంటనే అడగలేదు. నా భుజం మీద చేయి కూడా తీయలేదు. పొద్దు గూకుతుంటే ఇద్దరం అట్లాగే నిలబడి నీళ్ళకేసి చూశాం. అప్పుడు నా నోటి దాకా వచ్చింది, ఉండిపోవే అని. ఇంక అడిగేదేముంది, ఇంతగా నవ్విన మనిషి ఎట్లాగూ ఉంటుందిలే అనుకుని మింగేశాను. మనసులో అప్పటికే చిన్న గది ఒకటి కిరాయికి తీసుకుని, ఆమె కూర్చుని బయటికి చూసే కిటికీ ఎటు ఉండాలో కూడా ఆలోచించేశాను.

ఇంటికి వచ్చాక వంట. ఆ పండుగకు టర్కీ కోడి వండాలట. కోడలు పెద్ద బజారులో దాన్ని చూసి వచ్చింది, గడ్డకట్టి రాయిలా ఉందట, మా పొయ్యి మీద పట్టే గిన్నె లేదు. మామూలు కోడే తెచ్చాం. మా ఇంటామె కూర వండింది, కోడలు బగారన్నం చేసింది. మగవాళ్ళు కూడా పని చేయాలని మనవరాలి రూల్. కొడుకు ఉల్లిగడ్డలు కోశాడు, భాయి అల్లం వెల్లుల్లి దంచాడు, నేను కొత్తిమీర ఏరాను. అందరం వంటింట్లో ఒకరినొకరం తోసుకుంటూ నిలబడ్డాం.

"ఇంతమంది ఉంటే వంట అయినట్టే. మీరు పోయి కూసోండ్రి" అని మా ఇంటామె రెండు మూడు సార్లు గదిమింది. ఎవరూ పోలేదు.

కూర ఉడుకుతుండగా ఆకుల ఆట. మనవరాలు రోడ్డు పక్కన దొరికిన ఎండుకొమ్మ ఒకటి తెచ్చి, ఇసుక నింపిన డబ్బాలో గుచ్చి పెట్టింది. రంగు కాగితాలను ఆకుల్లా కత్తిరించి, ఒక్కొక్కరు ఒక ఆకు మీద తాము ఎవరికి థాంక్స్ చెప్తారో రాసి, పైకి చదివి, దారంతో కొమ్మకు కట్టాలి. అది పెన్సిలుతో ఆకు గీసుకుని వంకరటింకరగా కత్తిరిస్తుంటే మా ఇంటామె చూడలేకపోయింది.

"ఇటు తే" అని కత్తెర తీసుకుంది. గీత లేకుండానే టకటకా కత్తిరించింది. ఒకదాని మీద ఒకటి పెడితే అంచు తేడా లేదు.

"బాపమ్మా, నువ్వు మెషీన్‌వా?" అన్నది మనవరాలు.

"తునికాకైతే ఇంకా జల్ది గోస్తనే. ఈ కాగితం జారుతున్నది" అన్నది ఆమె.

మొదట మనవరాలు తన టీచరుకు చెప్పింది. కోడలు తనకు సైకిల్ తొక్కడం నేర్పిన మేనత్తకు చెప్పింది. కొడుకు తనకు ఇక్కడ మొదటి ఉద్యోగం చూపిన ఒక మలయాళీ సారుకు చెప్పాడు. భాయి వాళ్ళ అమ్మకు చెప్పాడు, ఆమె పోయి చాలా కాలమైంది. తర్వాత నా వంతు. నేను కడప భాయికి అని రాశాను, ఎందుకంటే నాకు అక్షరం పెట్టినవాడు. పైకి చదివాను. భాయి తల వంచుకుని గడ్డం గోక్కున్నాడు.

మనవరాలు ఊరుకోలేదు. "తాతా, బాపమ్మకు చెప్పవా?"

"మీ బాపమ్మకు ఎందుకే థాంక్సు? ఆమె మన మనిషే గద" అన్నాను.

ఈ మాట మా వాళ్ళకు విడమర్చి చెప్పక్కర్లేదు. మాలో ఇంటి మనిషికి థాంక్స్ చెప్పరు. నీళ్ళిచ్చిన పెళ్ళానికి, మందు తెచ్చిన కొడుక్కి థాంక్స్ అంటే, ఏంది నన్ను బయటోని లెక్క చేసినవని మొహం ముడుచుకుంటారు. అది దారిలో సాయం చేసినవాడికి చెప్పే మాట, మర్యాద చెల్లించి పంపించే మాట. నేను ఆమెకు చెప్పకపోవడంలోనే నా ప్రేమంతా ఉందని నా లెక్క. ఆమె కూడా "అవ్, గదేం మాట" అని నవ్వింది.

"ఇప్పుడు బాపమ్మ. బాపమ్మా నువ్వు చెప్పు, తాత రాస్తడు" అన్నది మనవరాలు.

ఆమెకు రాయడం రాదు. నేను పెన్ను పట్టుకుని సిద్ధంగా కూర్చున్నాను. అరుగు మీద తోటి ఆడవాళ్ళలో ఎవరో ఒకరికి చెప్తుందనుకున్నాను. ఆమె పొయ్యి దగ్గరికి పోయి మంట తగ్గించి వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుని కూర్చుంది.

"మీ తాతకు" అన్నది.

నేను పెన్ను ఎత్తి ఆమెను చూశాను. ఆమె నన్ను కాదు, కొమ్మను చూస్తోంది.

"రాయయ్యా. ఇల్లు గట్టిచ్చిండు. బిడ్డ పెండ్లి జేసిండు. కొడుకును సదివిచ్చిండు. ఒక్క నెల గూడ తప్పకుండ పంపిండు. ఇప్పుడు నన్ను గూడ పిలిపిచ్చి, మంచిగ అరుసుకొని, అన్ని సూపిచ్చిండు. థాంక్సు."

ఆ ఇంగ్లీషు మాట ఆమె నోట నేను వినడం అదే మొదలు. జాగ్రత్తగా, ఒత్తి పలికింది, బస్సులో చోటిచ్చిన మనిషికి చెప్పినట్టు. అందులో ఎగతాళి లేదు. ఎత్తిపొడుపు ఉంటే నేను తట్టుకునేవాణ్ణి, తిరిగి ఒక మాట అనేవాణ్ణి. ఆమె మనస్ఫూర్తిగా చెప్పింది.

నేను రాశాను. నా రాత నిదానం, ఒత్తుల దగ్గర ఆగుతాను. అందరూ ఎదురుచూశారు. గట్టిచ్చిండు అన్నచోట ఒత్తు తప్పు పడితే దిద్దాను. రాశాక రూల్ ప్రకారం పైకి చదివాను. నా గొంతుతో నేనే నాకు. కొడుకూ కోడలూ మనవరాలూ చప్పట్లు కొట్టారు.

"చూశావా తాతా, నువ్వు చెప్పకపోయినా బాపమ్మ నీకే చెప్పింది" అన్నది మనవరాలు. దానికి ఎంత సంబరమో.

భాయి ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. "ఇంగ అన్నం పెట్టు తల్లీ, ఆకలైతాంది" అని కోడలితో అని లేచాడు.

అన్నాలకు కూర్చున్నాం. అందరం కింద కూర్చుంటే మా ఇంటామె వడ్డించింది. కూర్చోమని కోడలు చేయి పట్టి లాగితే కూర్చుని, మళ్ళీ లేచింది. నా కంచంలో మంచి ముక్క ఏరి వేసింది. చెంబుతో నీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టింది. నేను ఆ చెంబునే చూస్తూ తిన్నాను. వాకిట్లో మంచం, కొత్త దుప్పటి, అల్లుళ్ళ కంచం, అన్నీ వచ్చి ముందు నిలబడ్డాయి.

తినడం అవుతుండగా కొడుకు ఫోన్ మోగింది. మందూబ్. కొడుకు ఫోన్ మీద చేయి అడ్డం పెట్టాడు.

"అవ్వా, ఏం జెప్పమంటవ్?"

ఆమె నన్ను చూసింది. చాలాసేపేమీ కాదు, కానీ చూసింది. అప్పుడు నేను ఉండు అనవచ్చు. అంత రాసి, చదివి, చప్పట్లు కొట్టించుకున్నాక, ఆ మనిషిని ఉండమని అడిగే హక్కు నాకు ఎక్కడిదనిపించింది. తలవంచి అన్నం కలుపుకున్నాను.

"టికెట్ ఉన్నది ఉన్నట్టే ఉండనియ్యి బిడ్డా. ఆడ నాకు నలుగురున్నరు" అన్నది.

కొడుకు మందూబ్‌తో హిందీలో వద్దని చెప్పాడు. కోడలు కొమ్మను తీసి బల్ల మీద పెట్టింది. ఆకులు ఫ్యాను గాలికి తిరుగుతున్నాయి.

నా రూమ్ కొడుకు ఇంటికి రెండు వీధుల అవతల. భాయి, నేను నడిచి పోయాం. మెకానిక్ షాపులు ఇంకా తెరిచే ఉన్నాయి. 

"వదినమ్మ మంచి మాటలే రాయించింది గదన్నా" అన్నాడు భాయి.

"మంచి మాటలే. సుట్టాన్ని సాగనంపినట్టు చెప్పింది."

"చెప్పదా మల్ల? ముప్పై ఏండ్లు సుట్టం మాదిరే గదా నువ్వు పోయొచ్చింది."

నాకు కోపం వచ్చింది. "నీకేం తెలుసు?" అన్నాను.

"తెలుసన్నా. పన్నెండేండ్లు ఒగే రూములో ఉండాం. ఒగ గిన్నెలో తిన్యాం. నాకూ థాంక్సే చెప్తివి గదా ఈ పొద్దు" అన్నాడు.

నేను ఆగిపోయాను. అతను ఆగలేదు. చేతులు వెనక్కి కట్టుకుని పోతూనే ఉన్నాడు. నేను అతనికి గౌరవం చేశాననుకున్నాను. ఒకే రోజు ఒకే మాట, ఇచ్చిందీ నేనే, పుచ్చుకున్నదీ నేనే, రెండూ సరిగా జరగలేదు.

శనివారం ఎయిర్‌పోర్టులో ఆమె మనవరాలిని ముద్దుపెట్టుకుంది, కోడలి తల నిమిరింది. నా దగ్గరికి వచ్చి, "పోయస్త. నువ్వు గూడ వీలైనప్పుడల్లా రా. ఇల్లు నీదే గద" అన్నది. నేను తలూపాను. లోపలికి పోయే దారిలో ఒక్కసారి వెనక్కి తిరిగింది, సంచి సర్దుకోవడానికి.

ఈ ఏడాది కూడా ఆ పండుగ చేద్దామని కోడలు అంటోంది. చేయండి అన్నాను. పిల్లలున్న ఇంట్లో కాళ్ళు కట్టుకుని ఉరకడం మంచి ఆటే, అందరూ ఆడండి. నాలాగా ఆటను నమ్ముకుని నోరు మూసుకుని మాత్రం కూర్చోవద్దు. ఆమెను ఉండమనడానికి నాకు దొరికిన సరైన సమయం ఇసుక మీద తువ్వాల విప్పకముందు. అప్పుడు ఆమె అడుగు నా అడుగు పక్కన ఉంది. ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పెన్ను చేతికి తీసుకునేసరికి దాటిపోయింది. ఫోన్లో ఇప్పుడు కూడా మాట్లాడుకుంటాం. తిన్నావా అంటే తిన్నా అంటుంది. నువ్వు రా అని ఇన్నాళ్ళలో రెండుసార్లు అనబోయి, ఎండలు ఎట్లా ఉన్నాయని అడిగాను.

ఆ గురువారం ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: నా కొడుకు. కోడలు. మనవరాలు. మా ఇంటామె. ఇంటివాళ్ళు కాక వచ్చినవాళ్ళు కడప భాయి, నేను.